మా నాయన పెట్టెలోని సముద్రపు గుర్రం
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

 

పదిహేను రోజుల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇరవై నిమిషాలు మాట్లాడాలప్పా. 'విద్యార్థులు - జీవిత లక్ష్యాలు' అని ఆహ్వాన పత్రికలో వేయించేస్తా" అన్నాడు. వద్దన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. లక్ష్యాల గురించి మొదలుపెడితే పిల్లలు ఎన్నో నిమిషంలో ఆవలిస్తారో నాకు తెలుసు. "సముద్రపు గుర్రాల గురించి మాట్లాడతా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మన చెరువులోనే నీళ్ళు కనపడేది ఏ మూడేండ్లకో ఒకసారి. సముద్రం గుర్రాలు ఈడ ఎవురికి కావాలప్పా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. మనం కూర్చున్న చోటు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైన ఉంది. దగ్గరి సముద్రం మద్రాసులో, అంటే సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆ మధ్య విశాఖపట్నంలో అధ్యాపకుల శిక్షణకు వెళ్ళినప్పుడు, మాది గంగవరం అని చెప్పగానే అందరూ నన్ను సముద్రం ఒడ్డు మనిషి అనుకున్నారు. అక్కడ కూడా ఒక గంగవరం ఉంది కదా, మత్స్యకారుల ఊరు, ఇప్పుడు పెద్ద రేవు. "మీ ఊళ్ళో ఏ చేపలు పడతాయి సార్?" అని ఒకాయన అడిగితే, "టమాటాలు పడతాయి, ధర కూడా పడుతుంది" అన్నాను.

అయినా నేను మొట్టమొదటి సముద్రపు గుర్రాన్ని చూసింది విశాఖలో కాదు, మద్రాసులో కాదు. ఈ గంగవరంలోనే, 1966లో, మా ఇంటి దీపం వెలుగులో చూశాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

మా నాయన జట్కా బండి తోలేవాడు. ఈ సభలో అరవై దాటిన వాళ్ళలో సగం మంది ఆ బండి ఎక్కే ఉంటారు, కొందరు డబ్బులివ్వకుండా కూడా ఎక్కారు. మా అమ్మ 1965లో పోయింది. అప్పటికి మా చెల్లెలికి ఏడాది నిండింది. ఆ మరుసటి చలికాలం దానికి కోరింత దగ్గు పట్టుకుంది. ఈ కాలం పిల్లలకు ఆ దగ్గు తెలియదు, తెలియకపోవడమే మంచిది. దగ్గు తెర మీద తెర వస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వదు. చివర ఒక్కసారి గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో కూత లాంటి శబ్దం. బిడ్డ ముఖం ఎర్రబడి, తర్వాత నీలమై, కక్కుకుని, సొమ్మసిల్లి పడిపోతుంది. రాత్రిపూట నాయన దాన్ని భుజాన వేసుకుని గుర్రపుశాల ముందు తిరుగుతూ ఉండేవాడు. ఇంట్లో ఆడదిక్కు లేదు. అవ్వ ఉన్నా కళ్ళు కనపడవు. నాకు గుర్తున్నంతవరకు ఆ చలికాలమంతా నాయన పడుకుని నిద్రపోవడం నేను చూడలేదు. నిలబడి గుంజకు ఆనుకుని నిద్రపోయేవాడు, గుర్రం లాగే.

చింతపండు లోడుతో మద్రాసు కొత్వాల్ చావడికి పోయే లారీ డ్రైవరు ఒకాయన నాయనకు స్నేహితుడు. ఆయన ఒక రాత్రి వచ్చి కాగితం పొట్లం విప్పాడు. లోపల రెండు ఎండిపోయిన ప్రాణులు, ఒక్కొక్కటి నా చూపుడు వేలంత. "అన్నా, దీన్ని అరవంలో కడల్ కుదిరై అంటారు. సముద్రంలో గుర్రం. కాల్చి బూడిద చేసి తేనెలో కలిపి నాకిస్తే ఎట్లాంటి దగ్గయినా కట్టేస్తుంది. అక్కడి పట్టపోళ్ళంతా బిడ్డలకి ఇదే ఇస్తారు" అన్నాడు. రెండింటికీ కలిపి మూడు రూపాయలు. అది బండికి రెండు రోజుల రాబడి.

నాయన ఒకదాన్ని దీపం దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూశాడు. గుర్రాలతో బతికిన మనిషి. గుర్రాన్ని కొనేటప్పుడు చేసినట్టే చేశాడు, నోరు తెరిచి పళ్ళు చూడబోయాడు. నోరు చిన్న గొట్టం లాగుంది, తెరుచుకోలేదు. "దీనికి పళ్ళే లేవే! వయసు ఎట్లా తెలిసేది?" అన్నాడు. లారీ డ్రైవరు నవ్వాడు. నాయన నవ్వలేదు.

పిల్లలూ, మీరు రాసుకోండి. సముద్రపు గుర్రానికి నిజంగానే పళ్ళు లేవు. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు పుస్తకంలో ఆ వాక్యం చూసి, ఇది నాకు ముందే తెలుసు, మా నాయన చెప్పాడు అనుకున్నాను. పళ్ళే కాదు, జీర్ణాశయం కూడా లేదు. తిన్నది తిన్నట్టు పేగులోంచి వేగంగా జారిపోతుంది. అందుకే రోజంతా తింటూనే ఉండాలి. పెద్ద గుర్రం రోజుకు ముప్పై నుంచి యాభై సార్లు మేస్తుందని చెబుతారు. మన ఇళ్ళల్లో కూడా అట్లాంటి వాళ్ళు ఉంటారు గానీ, వాళ్ళకు జీర్ణాశయం ఉంది.

ఇది చేపే. చాలా మందికి ఈ సంగతి నమ్మబుద్ధి కాదు. మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, వెన్నెముక ఉంది, రెక్కలు ఉన్నాయి. కాకపోతే మామూలు చేపకు ఉండే పొలుసులు లేవు. ఒంటినిండా ఎముక పలకలు ఉంగరాల్లా అమరి ఉంటాయి, పైన పల్చటి చర్మం. తోక రెక్క లేదు. ఈదడానికి వీపు మీద ఉన్న చిన్న రెక్కను సెకనుకు ముప్పై సార్లకు పైగా ఆడిస్తుంది, చెవుల్లా కనపడే రెండు చిన్న రెక్కలతో దిక్కు మార్చుకుంటుంది. అంత ఆడించినా వేగం సున్నా. అమెరికా తీరంలో ఉండే మరుగుజ్జు జాతి ఒకటి చేపలన్నిటిలోకీ నిదానమైనదని రికార్డు, గంటకు మీటరున్నర. ఈ వేదిక నుంచి ఆ గేటు ముప్పై మీటర్లు ఉంటుందనుకుందాం. ఇప్పుడు బయలుదేరితే రేపు పగటికి గేటు దగ్గరికి చేరుతుంది. మా నాయన గుర్రం కూడా చివరి రోజుల్లో అంతే.

అంత నిదానమైనది ఎట్లా బతుకుతుంది? కదిలే వాటిని ఎట్లా పట్టుకుంటుంది? ఇక్కడే నాకు దీని మీద గౌరవం పుట్టింది. ఇది వేటాడేది కోపీపాడ్లనే పిసరంత రొయ్యజాతి ప్రాణుల్ని. వాటికి నీటిలో చిన్న అలజడి కలిగినా తెలిసిపోతుంది, మెరుపులా తప్పుకుంటాయి. సముద్రపు గుర్రం తోకతో గడ్డిని పట్టుకుని, పుల్లలా నిలబడి, తల మాత్రం మెల్లగా, నీరు కదలకుండా దాని దగ్గరికి చేరుస్తుంది. ఆ మూతి ఆకారమే నీటిని కలవరపెట్టకుండా ఉంటుందని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు కెమెరాలు పెట్టి చూపించారు. నీరు నిలకడగా ఉన్నప్పుడు పది ప్రయత్నాల్లో తొమ్మిదిసార్లు దొరికిపోతుందట. దగ్గరికి చేరాక తల ఒక్క విదిలింపు. మెడ దగ్గరి నరాల్లాంటి తంతువుల్లో శక్తిని ముందే బిగించి పెట్టుకుంటుంది, ఉండేలు రబ్బరు లాగి పట్టుకున్నట్టు. వదిలిందంటే మనిషి కంటికి కనపడదు. మూతి గొట్టంలోకి నీరూ వేటా కలిసి పీల్చుకుపోతాయి. ఆ మెడ వంపు అందానికి రాలేదు. వంగిన మెడ వల్ల తల ఇంకాస్త దూరం అందుకోగలదు.

కళ్ళు రెండూ విడివిడిగా తిరుగుతాయి, మన కంచెల మీది ఊసరవెల్లి లాగే. రంగు కూడా దానిలాగే మార్చుకుంటుంది. తల మీద చిన్న కిరీటం ఉంటుంది, ఏ రెండింటికీ ఒకేలా ఉండదు, మన వేలిముద్రల లాగా. తోక కోతి తోకలా పట్టుకుంటుంది. ఆ తోకను అడ్డంగా కోస్తే గుండ్రంగా కాక చతురస్రంగా ఉంటుంది. ఎందుకు అని 2015లో కొందరు ఆ ఆకారాన్నే యంత్రంతో అచ్చుపోసి, సుత్తితో కొట్టి చూశారు. గుండ్రటి తోక నలిగిపోయింది. చతురస్రపు తోకలో పలకలు ఒకదాని మీద ఒకటి జారి, దెబ్బ పోగానే మళ్ళీ సర్దుకున్నాయి. పైగా గడ్డిని పట్టుకోవడానికి చదునైన అంచు ఎక్కువ ఆనుతుంది. రోబోలు చేసేవాళ్ళు ఇప్పుడు ఈ తోక వెనక పడ్డారు.

దీని శాస్త్రనామం హిప్పోకాంపస్. గ్రీకులో గుర్రం, సముద్ర మృగం అనే రెండు మాటలు కలిపి పెట్టారు. పరీక్షల్లో కొందరు హిప్పోపొటామస్ అని రాసేవారు, నేను సగం మార్కు వేసేవాణ్ణి. మన మెదడులో కూడా ఒక హిప్పోకాంపస్ ఉంది. పదహారో శతాబ్దంలో ఇటలీ వైద్యుడొకాయన మెదడు కోసి చూస్తే లోపల ఒక భాగం వంకర తిరిగి అచ్చం ఈ ప్రాణిలా కనపడిందట. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే ఆ భాగం బాగుండాలి. ఈ రోజు మనమంతా ఒకరినొకరు గుర్తుపట్టి, పట్టకపోయినా పట్టినట్టు నటించి, కౌగిలించుకుంటున్నామంటే ఒక్కొక్కరి తలలో రెండేసి సముద్రపు గుర్రాలు పనిచేస్తున్నట్టే.

సరే, మా ఇంటికి వద్దాం. రెండింట్లో ఒకదాన్ని నాయన పెంకు మీద కాల్చి, నూరి, తేనెలో కలిపి చెల్లెలికి నాకించాడు. తొమ్మిది రోజులు. రెండోది అవసరమైతే ఉంటుందని తన రేకు పెట్టెలో దాచాడు. మరో నెలకు దగ్గు తగ్గింది. చెల్లెలు బతికింది. ఇప్పుడు మూడో వరుసలో, ఆకుపచ్చ చీరలో కూర్చుని నన్ను కోపంగా చూస్తోంది. ఏం చెప్పబోతున్నానో దానికి తెలుసు.

నేను మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బీఎస్సీ, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదివాను. 1981లో చదువు ముగించి ఇంటికి వచ్చిన కొత్తలో, కుర్రతనపు పొగరుతో నాయనకు పాఠం చెప్పాను. కోరింత దగ్గు ఒక బాక్టీరియా వల్ల వస్తుంది. దాన్ని చైనాలో నూరు దినాల దగ్గు అంటారు. బతికిన బిడ్డలకు రెండు మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. నువ్వు బూడిద నాకించింది తగ్గే నెలలో. అందులో సున్నం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ప్రభుత్వం 1978 నుంచి టీకాలు వేస్తోంది, ఇక ఇలాంటివి అక్కరలేదు. ఇదంతా చెప్పాను.

నాయన బీడీ ఆర్పి, నిదానంగా అన్నాడు: "సరేరా. నూరు దినాల దగ్గు నూరు దినాలకి పోతాది. నువ్వు చదువుకున్నోడివి, నీ మాట నిజమే అయ్యుంటాది. అయితే ఆ నూరు దినాలు, బిడ్డ నల్లబడిపోతా ఉంటే, నేను ఏం చేస్తా కూర్చోవాల్సిందో అది చెప్పు."

నేను చెప్పలేదు. అప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కానీ బుద్ధి కూడా రాలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు తరగతిలో మూఢనమ్మకాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇదే కథ చెప్పేవాణ్ణి. "ఒక జట్కా వాడు చచ్చిన చేపను కాల్చి బిడ్డకు తినిపించాడు" అని. పిల్లలు నవ్వేవారు. నవ్వించే పాఠం ఏ అధ్యాపకుడు వదులుకుంటాడు? ఆ జట్కా వాడు మా నాయన అని చెప్పేవాణ్ణి కాదు.

ఈ మధ్యలో 1994లో విద్యార్థులను తీసుకుని రామేశ్వరం, మండపం వైపు విజ్ఞాన యాత్రకు వెళ్ళాను. మన ఆంధ్ర తీరంలో కూడా విశాఖ, కాకినాడ వైపు ట్రాలర్ వలల్లో అప్పుడప్పుడు ఇవి పడతాయి. కానీ మన దగ్గర అలల ఉధృతి ఎక్కువ, అడుగంతా ఇసుక. పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖ అలా కాదు. లోతు తక్కువ, నీరు నిలకడ, అడుగున పచ్చిక బయళ్ళలా సముద్రపు గడ్డి. తోకతో పట్టుకుని నిలబడే ప్రాణికి అంతకన్నా ఏం కావాలి? అక్కడ ఈతగాళ్ళు మునిగి, సముద్రపు దోసకాయలతోనూ శంఖాలతోనూ పాటు వీటిని కూడా చేత్తో ఏరుకొచ్చేవారు. అది పారిపోదు కదా, గడ్డిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అదే దాని ఖర్మ.

ఒక ఊరి ఒడ్డున తాటాకు చాప మీద వందల గుర్రాలు ఎండబెట్టి ఉండటం చూశాను. మన ఊళ్ళో చింతపండు ఎండబెట్టినట్టు. సింగపూరు, హాంకాంగ్ పోతాయన్నారు. అక్కడి చైనా వైద్యంలో ఉబ్బసానికి, మగతనానికి వీటిని వాడతారు. చాప పక్కన కూర్చున్న ముసలామె తన మనవడికి దగ్గు వస్తే ఒకటి కాల్చి ఇస్తామని చెప్పింది. ఆమె చెప్పిన పద్ధతి మా నాయన చేసిన పద్ధతే. నూరడం, తేనె, తొమ్మిది రోజులు.

ఆ మర్నాడు తెల్లవారుజామున, పరిశోధన చేసేవాళ్ళ తొట్టిలో మొదటిసారి ప్రాణమున్న గుర్రాన్ని చూశాను. అది కనే సమయం.

పిల్లలకు ఈ భాగం వివరంగా చెప్పాలి. సముద్రపు గుర్రాల్లో గర్భం మోసేది మగది. జతకట్టే ముందు రెండూ తోకలు పెనవేసుకుని, రంగులు తేలికచేసుకుని, గడ్డిపోచ చుట్టూ తిరుగుతాయి. చాలా జాతుల్లో ఈ పలకరింపు ప్రతి ఉదయం జరుగుతుంది. రాత్రంతా విడిగా ఉన్న జంట పొద్దున్నే కలిసి కొన్ని నిమిషాలు ఆడి, మళ్ళీ ఎవరి మేతకు వాళ్ళు పోతారు. కెనడాకు చెందిన అమాండా విన్సెంట్ నీళ్ళలో గంటల తరబడి ఉండి దీన్ని గమనించింది. 1996లో ప్రాజెక్ట్ సీహార్స్ అనే సంస్థను మొదలుపెట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు. అన్ని జాతులూ ఇంత నిష్ఠగా ఉండవు, ఆస్ట్రేలియా వైపు పెద్ద పొట్ట జాతి ఒకటి ఎవరితోనైనా తిరుగుతుంది. నలభైకి పైగా జాతులున్న కుటుంబంలో అందరూ ఒకేలా ఉంటారా?

సమయం వచ్చినప్పుడు ఆడది తన గుడ్లను మగదాని పొట్ట కింది సంచిలోకి చేర్చేస్తుంది. అవి ఫలదీకరణ చెందేది అక్కడే. ఆ తర్వాత సంచి మూసుకుంటుంది. దాన్ని ఉత్త సంచి అనుకోకండి. లోపలి గోడ మెత్తబడి, రక్తనాళాలు అల్లుకుని, ఒక్కో గుడ్డు ఒక్కో గుంటలో కుదురుకుంటుంది. తండ్రి రక్తం నుంచి ప్రాణవాయువు అందుతుంది, కొవ్వులూ సున్నమూ అందుతాయి. లోపలి నీటి ఉప్పదనాన్ని కూడా మెల్లమెల్లగా సముద్రపు నీటికి దగ్గరగా తెస్తాడు, బిడ్డలు బయటికి రాగానే తట్టుకోవాలని. తల్లులకు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోనే ఈ తండ్రి సంచిలో కూడా పనిచేస్తుంది. నీటి వేడిని బట్టి రెండు నుంచి నాలుగు వారాలు మోస్తాడు.

నేను చూసినప్పుడు ఆ మగ గుర్రం తోకతో ఒక తాడును పట్టుకుని ఉంది. పొట్ట గుమ్మడికాయలా ఉంది. ఒళ్ళంతా ముందుకు ముడుచుకుని, మళ్ళీ వెనక్కి విరుచుకుంటోంది. ప్రతి విరుపుకూ సంచి నోట్లోంచి పిల్లలు పొగలా బయటికి వస్తున్నాయి. ఒక్కొక్కటి గోరు వెడల్పు ఉండదు, అయినా కిరీటంతో, తోకతో సహా పూర్తి గుర్రం. నాలుగు వందల దాకా లెక్కపెట్టి వదిలేశాం. పెద్ద జాతుల్లో వెయ్యి దాటుతాయి. అయిపోయాక ఆ తండ్రి తాడుకు వేలాడుతూ, కళ్ళు తిప్పడం కూడా మానేసి ఉండిపోయాడు. గుంజకు ఆనుకుని నిలబడి నిద్రపోయే మనిషి నాకు గుర్తొచ్చాడు. నా విద్యార్థులు పక్కనే ఉన్నారు కాబట్టి కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

ఈ పోలికను ఇంకా లాగకూడదు. ఎందుకంటే కన్న తర్వాత ఆ తండ్రి పిల్లల ముఖం చూడడు. ఒకటి రెండు రోజుల్లోనే మళ్ళీ సంచి నింపుకుంటాడు. పిల్లలు అలలతో కొట్టుకుపోతాయి, వెయ్యింటిలో ఐదు కూడా పెద్దవి కావని అంచనా. మా నాయన ఇద్దరినే పెంచాడు, ఇద్దరినీ నిలబెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఇదంతా చెబితే నాయన, "మగది కంటాదా? మరి ఆడది ఏం చేస్తాది?" అన్నాడు. గుడ్లు ఇచ్చి, రోజూ పొద్దున్నే వచ్చి పలకరిస్తుందని చెప్పాను. "పలకరించేదానికి వస్తాది గదా, అది చాలు" అన్నాడు.

ఆయన 1998లో పోయాడు. రేకు పెట్టెలో గుర్రం కళ్ళెం, బండి లైసెన్సు, అమ్మ గాజులు రెండు, ఆ కాగితం పొట్లం దొరికాయి. ముప్పై రెండేళ్ళయినా రెండో గుర్రం చెక్కుచెదరలేదు.  భూతద్దంతో చూశాను. వీపు పక్కన మూడు నల్లటి మచ్చలు, అంటే హిప్పోకాంపస్ ట్రైమాక్యులేటస్, మన తూర్పు తీరంలో దొరికే జాతుల్లో ఒకటి. పొట్ట కింద సంచి ఉంది. మగది.

2000లో మా చెల్లెలి కూతురు నా తరగతిలో చేరింది. అలవాటుగా జట్కా వాడి కథ చెప్పాను, అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పింది. చెల్లెలు ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది. "గుర్రం నన్ను బతికించిందో లేదో నాకు తెలియదు అన్నా. నాయనను చూసి నలభై మంది పిల్లోళ్ళు నవ్వినారంట గదా" అంది. ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు.

నేను తప్పు చేశాను. ఈ మాట ఆమెకు ఇంట్లో చెప్పాను, ఊరి ముందు చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ తర్వాత పాఠం మార్చాను. సముద్రపు గుర్రం దగ్గును తగ్గిస్తుందనడానికి రుజువు లేదన్నది మార్చలేదు, అది నిజం. కథను మాత్రం మొత్తంగా చెప్పడం మొదలుపెట్టాను. 1966లో మా వీధిలో ఐదుగురు బిడ్డలకు ఆ దగ్గు వచ్చింది. నలుగురు బతికారు, ఒక పాప పోయింది. బతికిన నలుగురిలో గుర్రపు బూడిద తిన్నది ఒక్కతే. మిగతా ముగ్గురికీ ఏ మందూ లేదు. ఇప్పుడు చెప్పండి, మందు పనిచేసిందా? అని అడుగుతాను. పిల్లలు నవ్వరు, ఆలోచిస్తారు. పోయిన పాపకు కావలసింది టీకా. అది మన ఊరికి పన్నెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఇక చట్టం సంగతి. 2001 జులైలో మన ప్రభుత్వం సముద్రపు గుర్రాలన్నిటినీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. మన కౌండిన్య అడవిలోంచి వచ్చి చెరకు తొక్కే ఏనుగు ఏ షెడ్యూల్లో ఉందో, ఈ వేలంత చేప కూడా అదే షెడ్యూల్లో ఉంది. పట్టడం, అమ్మడం, ఎండినది ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. ప్రపంచ స్థాయిలో సైటిస్ అనే ఒప్పందం 2004 మే నుంచి వీటి వ్యాపారాన్ని అదుపు చేస్తోంది. అయినా వలలు చట్టాలు చదవవు. రొయ్యల కోసం సముద్రం అడుగు ఊడ్చే ట్రాలర్ వలల్లో ఇవి ఎట్లాగూ పడతాయి. ఏటా 3 కోట్ల 70 లక్షలు పడుతున్నాయని ఇరవై పైచిలుకు దేశాల లెక్కలు కూడి 2017లో ఒక అంచనా వేశారు. పడ్డవాటిని నీళ్ళలో పారేసినా చాలావరకు బతకవు. చేత్తో ఏరుకునే పేద ఈతగాణ్ణి ఆపినంత సులువుగా ట్రాలరును ఆపలేం, నా దృష్టిలో అసలు చిక్కు అదే. ఏనుగైతే మన పొలంలోకి వచ్చి తన కష్టం తను చెప్పుకుంటుంది, పంట పోయినా దాని పేరు పేపర్లో వస్తుంది. దీనికి ఆ వీలు లేదు.

చట్టం తెలిసిన రోజు నుంచి ఆ పొట్లం నాకు నిద్ర పట్టనివ్వలేదు. చదువు చెప్పేవాడి ఇంట్లో మొదటి షెడ్యూలు జంతువు! చెల్లెలి ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి విషయం చెప్పాను. అప్పటికింకా మాటల్లేవు. చాలాసేపు పొట్లం చేతిలో పెట్టుకుని కూర్చుంది. "నాయన మూడు రూపాయలకు కొన్నది. గవర్నమెంటుకు ఇచ్చేదయితే నేనే ఇచ్చొస్తా, నువ్వు వద్దు" అంది. ఇద్దరం కలిసే అటవీశాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. అక్కడి అధికారికి అది 1966 నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పింది. ఆయన చాయ్ తెప్పించి, ఓపికగా విని, కాగితం రాసుకున్నాడు. చెల్లెలు రసీదు అడిగింది. సముద్రపు గుర్రానికి రసీదు రాయడం ఆయనకు కూడా మొదటిసారి అయ్యుంటుంది. ఆ రసీదు ఇప్పుడు నాయన రేకు పెట్టెలో, కళ్ళెం పక్కన ఉంది.

నాకు ఇచ్చిన ఇరవై నిమిషాలు దాటిపోయాయి, కార్యదర్శి గడియారం చూస్తున్నాడు. మగ గుర్రం పిల్లల్ని కనే వీడియో నా ల్యాప్‌టాప్‌లో తెచ్చాను, నాలుగు నిమిషాలు ఉంటుంది. టీ తర్వాత తొమ్మిదో తరగతి గదిలో వేస్తాను, కిటికీలకు దుప్పట్లు కట్టమని చెప్పాను. పిల్లలు ముందు నేల మీద కూర్చోండి, పెద్దలకు వెనక బెంచీలు ఉన్నాయి. మా చెల్లెలు ఇంతవరకు ప్రాణమున్న సముద్రపు గుర్రాన్ని చూడలేదు. వస్తానంది, కాకపోతే మోకాళ్ళ నొప్పి, ఎవరైనా ఆమెకు కుర్చీ వేయండి.